చిరిగిన బొమ్మల పుస్తకానికి లెక్క అడగొద్దు

సంపాదకులు గారికి,

నమస్కారం. నవంబరు 14 దగ్గర పడిందంటే జిల్లా పేజీల్లో ఒక ఫొటో తప్పకుండా పడుతుంది. అంగన్‌వాడీ పిల్లలు వరసగా నిలబడి కొత్త బొమ్మల పుస్తకాలు పట్టుకుని ఉంటారు, వెనకాల నాయకులు, అధికారులు. ఫొటో అయిపోగానే ఆ పుస్తకాలు పిల్లల చేతుల్లోంచి తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేయడం చాలా చోట్ల జరిగేదే. టీచర్లను తప్పుపట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. వాళ్లు తాళం ఎందుకు వేస్తున్నారో, అది తీయించాలంటే ఏం చేయాలో చెప్పడానికి రాస్తున్నాం.

అసలు కారణం స్టాక్ రిజిస్టరు. పుస్తకం సెంటర్‌కి రాగానే కుర్చీ, తూకం మిషను, గ్యాస్ స్టౌలతో పాటు రిజిస్టరులోకి ఎక్కుతుంది. తనిఖీకి వచ్చినవాళ్లకు నలభై అని రాసి ఉంటే నలభై కనపడాలి. ఒకటి తగ్గినా, ఒకదానికి అట్ట ఊడినా సంజాయిషీ చెప్పుకోవాల్సింది టీచరే. వచ్చే గౌరవ వేతనంలో కోస్తారేమోనన్న భయం పైన. రెండేళ్ల పిల్ల చేతికి పుస్తకం ఇస్తే ఏమవుతుందో ఆమెకు అందరికన్నా బాగా తెలుసు. నోట్లో పెట్టుకుంటుంది, పేజీ పట్టుకుని లాగుతుంది, పప్పన్నం చేత్తో బొమ్మ మీద కొడుతుంది. ఆ వయసు పిల్లలు పుస్తకాన్ని తెలుసుకునే పద్ధతే అది. అలాంటి వస్తువును ఏడాది తర్వాత చెక్కుచెదరకుండా చూపించమంటే తాళం వేయక ఏం చేస్తుంది?

అందుకే మా ముఖ్యమైన విన్నపం ఒక్కటే. ఆరేళ్లలోపు పిల్లలకిచ్చే బొమ్మల పుస్తకాలను శాశ్వత సామగ్రి లెక్కలోంచి తీసేయాలి. సుద్దముక్కలు, క్రేయాన్లు, సబ్బుల మాదిరిగా వాడితే అయిపోయే సరుకుల్లో చేర్చాలి. రెండు తెలుగు రాష్ట్రాల మహిళా శిశు సంక్షేమ శాఖలూ ఒక్క పేజీ ఉత్తర్వు ఇస్తే సరిపోతుంది. ఏటా మూడో వంతు పుస్తకాలు అరిగిపోతాయనుకుని ఆ మేరకు కొత్తవాటికి ముందే ఇండెంట్ పెట్టాలి. చిరిగినదానికి, పోయినదానికి తల్లిదండ్రుల దగ్గర జరిమానా వసూలు చేయకూడదని కూడా అందులోనే రాయాలి. ఒకసారి ఇరవై రూపాయలు కట్టించుకున్నారంటే ఆ తల్లి మళ్లీ పుస్తకం ఇంటికి తీసుకెళ్లదు. తీసుకెళ్లినా సజ్జ మీద పెట్టేసి వారం తర్వాత అలాగే తెచ్చిస్తుంది. తళతళలాడుతూ తిరిగొచ్చిన పుస్తకాన్ని చూసి మెచ్చుకునే సూపర్‌వైజర్లు ఉన్నారు. అది ఎవరూ తెరవని పుస్తకమని గుర్తుపట్టాలి.

సెంటర్లోనే చదివిస్తున్నాం కదా, ఇంటికెందుకు అని కొందరు అడుగుతారు. మూడేళ్లు దాటినవాళ్లే సెంటర్లో కూర్చునేది. అంతకన్నా చిన్నవాళ్లు అమ్మ దగ్గరో, అమ్మమ్మ, నాయనమ్మల దగ్గరో ఇంట్లో ఉంటారు. ఏడో నెల నుంచి వాళ్లకు బాలామృతం అనే పౌష్టికాహార పిండి ప్యాకెట్ నెలనెలా ఇంటికి వెళ్తోంది. మాటలు మొదలయ్యేది సరిగ్గా ఆ నెలల్లోనే. ప్యాకెట్ వెళ్లే ఇంటికి దాంతోపాటు ఒక పుస్తకం కూడా వెళ్లాలి.

ఈ పని లోకంలో కొత్తది కాదు. 1989లో అమెరికాలోని బోస్టన్ నగర ఆస్పత్రిలో పిల్లల డాక్టర్లు పరీక్షకు వచ్చిన పిల్లలకు పుస్తకం ఇవ్వడం మొదలుపెట్టారు. 1992లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో 300 మంది పసిపిల్లలతో ‘బుక్‌స్టార్ట్’ మొదలైంది. జపాన్ 2000లో టోక్యోలోని ఒక వార్డులో పరీక్షించి చూసి, మరుసటి ఏడాది నుంచి ఊరూరా పురపాలక సంఘాల శిశు ఆరోగ్య పరీక్షలకు జతచేసింది. మూడు చోట్లా పుస్తకం కోసం తల్లిని వేరే ఎక్కడికీ రమ్మనలేదు. ఆరోగ్యం కోసం ఎలాగూ వచ్చే చోటే ఇచ్చారు. ఇచ్చి వదిలేయకుండా ఎలా చూపించాలో అక్కడే, పిల్లాడు ఒళ్లో ఉండగానే చేసి చూపించారు. మన దగ్గర పంపిణీ జరిగిన చోట కూడా జరగనిది ఈ రెండో పనే.

మనకూ అలాంటి చోటు సిద్ధంగా ఉంది, టీకాల రోజు. తొమ్మిది నెలలు నిండాక తట్టు టీకాకు, మళ్లీ 16 నుంచి 24 నెలల మధ్య బూస్టరుకు, ఐదేళ్లు దాటాక మరోసారి తల్లి పిల్లాణ్ని తీసుకొస్తుంది. కాన్పు అయినప్పుడు ఇచ్చే బేబీ కిట్‌లోనే పుస్తకం పెట్టేయమని కొందరంటారు. మాకు దాని మీద అంత నమ్మకం లేదు. పచ్చి బాలింత ఆ హడావిడిలో పుస్తకం ముఖం చూడదు. అది దోమతెర, సబ్బుల కింద పడి ఉంటుంది, తీసేసరికి ఏడాది గడుస్తుంది. తొమ్మిదో నెల అలా కాదు. పిల్లాడు ఆనుకోకుండా కూర్చుంటాడు, వస్తువు అందుకుంటాడు, ‘కాకి ఏదీ?’ అంటే అటు చూస్తాడు.

ఇచ్చే పద్ధతి చెప్తాం. టీకా వేశాక ఊరడింపుగా ఇవ్వకూడదు. అప్పటికి పిల్లాడు ఏడుస్తూ ఉంటాడు, తల్లి ఎప్పుడు బయటపడదామా అని చూస్తుంటుంది. వరసలో కూర్చుని ఎదురుచూసే పావుగంటలో ఇవ్వాలి. టీకాలు వేసే నర్సు ఏఎన్ఎంకు ఆ రోజు తీరిక ఉండదు కాబట్టి అంగన్‌వాడీ టీచరో, ఆశ కార్యకర్తో ఈ పని చూడాలి. పుస్తకాన్ని తల్లికి కాకుండా నేరుగా పిల్లాడి చేతికివ్వాలి. తిరగేసి పట్టుకున్నా, కొరికినా కాసేపు అలాగే వదిలేయాలి. తర్వాత ఒక పేజీ తెరిచి ఒకే ఒక్క బొమ్మ మీద వేలు పెట్టి పేరు చెప్పాలి. చెప్పి మనసులో ఐదు లెక్కపెట్టేదాకా ఆగాలి. పిల్లాడు చూపుతోనో, శబ్దంతోనో, చేయి చాపో ఏదో ఒకటి చేస్తాడు. దాన్నే తల్లికి చూపించి, ‘చూశావా, నీతో మాట్లాడుతున్నాడు’ అనాలి. ఆపైన చెప్పాల్సింది రెండే మాటలు: ‘చదవక్కర్లేదమ్మా, బొమ్మలు చూపిస్తూ కబుర్లు చెప్పు చాలు. చింపినా మేమేమీ అనం.’ మొత్తం రెండు నిమిషాల పని. దీనికి పవర్‌పాయింట్ శిక్షణ అక్కర్లేదు. సెక్టార్ మీటింగులో ఒక తల్లినీ బిడ్డనూ కూర్చోబెట్టి ఒకసారి చేసి చూపిస్తే టీచర్లు పట్టేస్తారు.

ఇంట్లో ఎలా చూపించాలనే దానిలోనూ కొన్ని మెలకువలున్నాయి. పిల్లను ఎదురుగా కాకుండా ఒళ్లో, వీపు మన గుండెకు ఆనేలా కూర్చోబెట్టుకోవాలి. అప్పుడే ఇద్దరికీ పేజీ తిన్నగా కనిపిస్తుంది. ఎదురెదురుగా కూర్చుంటే ఒకరికి బొమ్మ తలకిందులే. ఏడాది పిల్లకు అర నిమిషం, రెండేళ్ల పిల్లకు మూడు నాలుగు నిమిషాలు చాలు. లేచి వెళ్లిపోతే పోనివ్వాలి. పేజీలు దాటేసి వెనక నుంచి ముందుకు తిప్పుతుంటే అలాగే తిప్పనివ్వాలి. మొదటి నుంచి చివరిదాకా వరసగా చెప్పి తీరాలని పట్టుబడితే పుస్తకం చూడగానే పారిపోతుంది. రెండేళ్లప్పుడు ఒకే పుస్తకాన్ని ఇరవైసార్లు తెమ్మంటారు. విసుగొచ్చేది మనకే, వాళ్లకు కాదు. ఆ ఇరవయ్యోసారికే మాట నోటికి పట్టుబడుతుంది. ఇక అన్నం తినిపించడానికి పుస్తకాన్ని ఫోను బదులు ఎరగా వాడకండి, అప్పుడు ముద్దా లోపలికి పోదు, బొమ్మా బుర్రకెక్కదు.

బొమ్మ గురించి ఎలా మాట్లాడాలో ఒక పేజీ పట్టుకుని చెప్తే తేలిగ్గా అర్థమవుతుంది. గంప కింద కోడిపిల్లలు, పక్కన పెట్ట ఉన్న బొమ్మ అనుకోండి. తల్లి ‘ఏంటిది?’ అంటుంది. పిల్ల ‘కోడి’ అంటుంది. చాలా ఇళ్లలో ఇక్కడితో ఆగిపోయి వేలు పక్క బొమ్మ మీదికి పోతుంది. ‘ఇదేంటి? ఇది చెప్పు, ఇది?’ అని పరీక్ష మొదలవుతుంది. అలా కాకుండా పిల్ల అన్న మాటకే ఒకటి రెండు కలపాలి: ‘అవును, కోడి. తల్లికోడి. పిల్లలెక్కడున్నాయి?’ పిల్ల గంప చూపిస్తుంది. ‘గంప కింద దాక్కున్నాయి. ఎందుకో?’ పిల్ల ‘గద్ద’ అనొచ్చు, ‘వాన’ అనొచ్చు, ఏమీ అనకుండా చూడొచ్చు. ఏదన్నా సరే. ‘మన దొడ్లో గంప ఎక్కడుంది?’ అని అడిగితే పుస్తకంలోంచి ఇంట్లోకి వస్తుంది మాట. అడగడం, ఒప్పుకోవడం, కొంచెం పెంచి చెప్పడం, మళ్లీ అనిపించడం, ఇంతే. 1988లో అమెరికాలో గ్రోవర్ వైట్‌హర్స్ట్ అనే మనస్తత్వవేత్త, ఆయన సహచరులు రెండేళ్ల పిల్లల తల్లిదండ్రులకు ఇలా చదవడం నేర్పి, మామూలుగా చదివి వినిపించిన ఇళ్లతో పోల్చి చూశారు. నెల రోజులకే ఈ పిల్లల మాటల్లో తేడా కనిపించింది.

ఈ పద్ధతికి చదువు అవసరం లేదు. అక్షరం రాని నాయనమ్మ నిక్షేపంగా చేయగలదు. అసలు కథ అల్లడంలో ఆమె ముందు మనం దిగదుడుపే. అందుకే పంపే పుస్తకాల్లో మూడో వంతైనా మాటలు లేని, బొమ్మలతోనే నడిచే కథలు ఉండాలి. గోండి, కోయ, సవర, లంబాడీ మాట్లాడే ఇళ్లలో వాటి విలువ మరీ ఎక్కువ. ఆ తల్లి తన భాషలోనే కథ చెప్పుకుంటుంది. పుస్తకంలో ‘గేదె’ అని అచ్చయి ఉన్నా ఇంట్లో బర్రె అంటారు కాబట్టి బర్రె అనే చెప్పమనాలి. సరిదిద్దే పని ఎవరూ పెట్టుకోవద్దు.

ఇప్పుడు ఎలాంటి పుస్తకాలు కొనాలో. డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే.

టెండరులో ‘బొమ్మల పుస్తకం, రంగుల్లో, 16 పేజీలు’ అని మాత్రమే రాసి, తక్కువ ధర కోట్ చేసినవాళ్లకు ఇచ్చేస్తే 70 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం 70 గ్రాముల బరువు) పల్చటి మ్యాప్‌లితో రకం కాగితం వస్తుంది. వెనక పేజీలోని ఏనుగు ముందు పేజీలోని అమ్మాయి ముఖంలోంచి కనపడుతుంది. లోపలి కాగితం కనీసం 130 జీఎస్‌ఎం, అట్ట 250 నుంచి 300 జీఎస్‌ఎం అని రాయాలి. లామినేషన్ మ్యాట్ అని రాయాలి. గ్లాసీ అయితే ట్యూబులైటు వెలుగు పడి బొమ్మ సగం కనపడదు. బైండింగు గురించి ఎవరూ పట్టించుకోరు గానీ ప్రమాదం ఉన్నది అందులోనే. మధ్యలో రెండు పిన్నులు కొట్టిన పుస్తకంలో నెల తిరిగేసరికి పిన్ను వదులవుతుంది. తేమకు తుప్పు పడుతుంది. చివరికి పిల్లాడి నోట్లోకి పోతుంది. రెండేళ్లలోపు వాళ్లకు దారంతో కుట్టినవి గానీ మందపాటి అట్టపుస్తకాలు గానీ ఇవ్వాలి. స్పైరల్ వద్దు, తీగ చివర వేలికి గుచ్చుకుంటుంది. ఊడొచ్చే గుండీ కళ్లు, పూసలు అంటించినవి వద్దు. నొక్కితే పాట వచ్చే పుస్తకాలు అసలే వద్దు. వాటిలో బిళ్ల బ్యాటరీ ఉంటుంది, మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు.

అట్టపుస్తకం నమూనా వచ్చినప్పుడు మూడు పరీక్షలు చేయండి. మూలలు గుండ్రంగా కోశారో లేదో వేలితో తడిమి చూడండి. తడి తెల్లగుడ్డతో బొమ్మను గట్టిగా రుద్దండి, రంగు అంటితే తిప్పి పంపండి. పేజీ అంచును గోటితో గీరి చూడండి, పైపొర లేస్తే ఆ ప్లాస్టిక్ పొర పిల్లాడి గొంతులో అడ్డం పడుతుంది. ఒక అట్టపుస్తకం ధరకు రెండు మూడు పేపర్‌బ్యాకులు వస్తాయి కాబట్టి అన్నీ అట్టపుస్తకాలే కొనాలని మేం అనడం లేదు. రెండేళ్లలోపు పిల్లలకు అవి, పై వయసుకు పేపర్‌బ్యాకులు. పిల్లల బొమ్మల పుస్తకాల మీద జీఎస్టీ లేదు, బిల్లులో ఎవరైనా వేస్తే అడగండి.

లోపలి సరుకు సంగతి. జాతరల్లో, బస్టాండుల్లో దొరికే, పేజీకి పన్నెండు గళ్లలో పన్నెండు వస్తువులున్న పుస్తకాలు చవక. వాటితో పేర్లు చెప్పించుకోవచ్చు తప్ప కబుర్లు నడవవు. పైగా మంచు ఇల్లు, తెరచాప పడవ లాంటి పిల్లలెన్నడూ చూడని బొమ్మలు సగం. ఒక పేజీకి ఒక దృశ్యం, ఒకటి రెండు చిన్న వాక్యాలు, ఇంట్లో మాట్లాడే తెలుగు ఉంటే మంచి పుస్తకం. ఏడాది, రెండేళ్ల పిల్లలకు వర్ణమాల పుస్తకం పంపొద్దు. అది ఇంట్లోకి రాగానే తల్లి చేతికి బెత్తం వస్తుంది. చివర నీతి వాక్యం కోసం ముందు పేజీలన్నీ సాగదీసినవి కూడా వదిలేయండి. ముఖచిత్రం మీద ‘ఉచిత పంపిణీ’ ముద్ర, నాయకుల ఫొటోలు వేయకండి. పిల్ల పుస్తకాన్ని ఎంచుకునేది ఆ పేజీ చూసే. వేసి తీరాలంటే వెనక అట్ట లోపలివైపు జాగా ఉంది.

మంచివి తెలుగులో లేవనేది నిజం కాదు. నేషనల్ బుక్ ట్రస్ట్, ప్రథమ్ బుక్స్, తులిక, హైదరాబాదు నుంచి మంచి పుస్తకం వంటి ప్రచురణకర్తల జాబితాలు తిరగేస్తే వయసుకు తగినవి దొరుకుతాయి. ప్రథమ్ బుక్స్ 2015లో పెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైటులోని కథలను స్వేచ్ఛా లైసెన్సు కింద, రచయిత, చిత్రకారుల పేర్లు ఉంచి ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. జిల్లా స్థాయిలో కొద్ది కాపీలు వేయించుకోవడానికి అది మంచి దారి. చిక్కల్లా ఒకే పుస్తకాన్ని లక్ష కాపీలు కొనేయడంతోనే. 25 మంది పిల్లలున్న సెంటర్‌కి 30 రకాలు, ఒక్కోటి రెండు కాపీలు, మొత్తం 60 పుస్తకాలు కావాలి. వారానికి ఇంటికొకటి చొప్పున 25 బయట తిరుగుతుంటే ఏరుకోవడానికి 35 మిగులుతాయి. సగటున 60 రూపాయలు వేసుకున్నా సెంటర్‌కి 3,600 రూపాయలు.

ఆ 35ను బీరువాలో కాకుండా పిల్లల ఛాతీ ఎత్తులో గోడకు తాడు కట్టి బట్టల క్లిప్పులతో, ముఖచిత్రం కనపడేలా వేలాడదీయాలి. రాత్రి దాచాల్సి వస్తే స్టాకు గదిలో బాలామృతం, బియ్యం పక్కన పెట్టొద్దు. పిండి కోసం వచ్చిన ఎలుకలు ముందు పుస్తకాలనే కొరుకుతాయి. పురుగు పట్టకుండా కలరా ఉండలు వేస్తుంటారు, పసిపిల్లలున్న చోట అవి విషం. కొందరు పిల్లలకు వాసన తగిలినా రక్తకణాలు దెబ్బతిని కామెర్లు వస్తాయి. ఎండిన వేపాకు, వారానికోసారి గంట సేపు నీడలో గాలి తగలనివ్వడం చాలు. కోస్తాలో వానాకాలం ఇది తప్పనిసరి. చిరిగిన పేజీకి రెండు వైపులా వెడల్పు టేపు వేస్తే ఇంకో ఏడాది నడుస్తుంది. నడుం విడిపోతే స్టాప్లర్ జోలికి పోకుండా సూదీ దారంతో మూడు కుట్లు వేయండి.

ఇంటికి పంపడానికి ఒక్కో పిల్లకు ఒక గుడ్డ సంచి, దాని మీద పిల్ల గుర్తుపట్టే బొమ్మ. శనివారం తీసుకెళ్తే మరుసటి శనివారం మార్చుకోవాలి. టీచర్లకు రిజిస్టర్లు, యాప్‌లు ఇప్పటికే నెత్తికి మించి ఉన్నాయి, పుస్తకాల కోసం ఇంకో యాప్ పెట్టకండి. గోడకు ఒకే కాగితం, ఎడమ పక్క పిల్లల పేర్లు, పైన వారాలు, తీసుకెళ్తే ఒక టిక్కు. తనిఖీకి వెళ్లిన సూపర్‌వైజరు లెక్క చూడకుండా ఏదో ఒక పుస్తకం పిల్లకిచ్చి ‘ఇందులో ఏముంది?’ అని అడగాలి. ఏ పుస్తకాల మూలలు బాగా నలిగాయో చూసి వచ్చే ఏడు అవి ఇంకా తెప్పించాలి.

ప్రభుత్వం పంపేదాకా ఆగక్కర్లేని చోటు కూడా ఒకటుంది, శాఖా గ్రంథాలయం. ఆస్తిపన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున మనం గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నాం. అక్కడ ‘బాలల విభాగం’ అంటే పదేళ్ల పిల్లలు చదివే కథల అరే. ఒక మూల చాప, నేల మీద రెండు తక్కువ ఎత్తు రాకులు, ఐదేళ్లలోపు పిల్లల కోసం యాభై పుస్తకాలు, తల్లి కార్డు మీద రెండేసి ఇంటికిచ్చే వెసులుబాటు కల్పించమని జిల్లా గ్రంథాలయ సంస్థలను కోరుతున్నాం. నవంబరు 14 నుంచి 20 దాకా జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో ఈసారి వక్తృత్వ పోటీలకు పెట్టే ఖర్చులో కొంత దీనికి మళ్లించవచ్చు. అంగన్‌వాడీల ఉత్తర్వు మాత్రం దానికన్నా ముందే రావాలి. ఆర్థిక సంవత్సరం చివర్లో, మార్చిలో హడావిడిగా కొన్న పుస్తకాలు ప్రాజెక్టు ఆఫీసులోనే వేసవి గడిపేస్తాయి.

ఇట్లు,
పల్లెల్లో పసిపిల్లల పుస్తకాల పని చేస్తున్న కొందరం